ఊపిరి వాసన చూసే మెషిన్ గారికి, లంకల నుంచి

ఆయ్, నమస్కారమండీ మెషిన్ గారూ!

సూది లేకుండా, కోత లేకుండా, గొట్టంలోకి ఒక్కసారి ఊదితే చాలు క్యాన్సర్ ఉందో లేదో చెప్పేస్తారని మీ గురించి ఏటా వార్త చదువుతూనే ఉన్నామండీ. ఏటా "త్వరలోనే" అని ఉంటుంది, మా రేవుకి వంతెనలాగే.

మీ చదువు మీద నాకు అనుమానం లేదు. మనిషి ఊపిరిలో సుమారు 250 పదార్థాలున్నాయని లైనస్ పాలింగ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త 1971లోనే చూపించాడు. కణితి పెరిగితే ఒంట్లో రసాయనాలు మారతాయి, ఆ ఆవిర్లు తగిలి మీ సెన్సర్లలో కరెంటు అటూ ఇటూ అవుతుంది, ఆ తేడాలన్నీ కలిపి చూసి ఏఐ తీర్పు చెబుతుంది. బానే ఉంది. కానీ తేమ తగిలితే మీ సెన్సర్లు తికమకపడతాయట కదా! మా కోనసీమలో వేయించిన అప్పడం పళ్ళెంలోకి వచ్చేలోపే మెత్తబడిపోద్దండీ. పైగా లంక పొగాకు చుట్ట, చేపల పులుసు, ఆవకాయ, ఇవన్నీ కలిసిన మా పెదనాన్న ఊపిరి మీ ఏసీ ల్యాబులో ఎవరైనా ఊదారా?

సరే, మీరు జబ్బున్నవాళ్ళ విషయంలోనూ లేనివాళ్ళ విషయంలోనూ నూటికి 90 సార్లు కరెక్టే అనుకుందాం. 10,000 మంది ఊదితే వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు 10 మందే అనుకోండి. 9 మందిని పట్టేస్తారు, శభాష్. ఏ రోగమూ లేని 999 మందికి కూడా ఎర్రలైటు వెలిగిస్తారు. వాళ్ళ టెన్షన్ తీరాలంటే మళ్ళీ స్కానింగు, కాదంటే ఒంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ. అంటే సూది తప్పలేదు, వాయిదా పడిందంతే.

ఈలోగా మీకో పోటీదారుడున్నాడు, టార్చిలైటు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు తెరిపించి చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి. ఏఐ లేదు కదా, రిబ్బన్ కత్తిరించడానికి ఎవరొస్తారు?

మా పెదనాన్ననైతే ఆశా కార్యకర్త నోరు చూపించమంటే, "సంతలో ఎద్దునా నేను?" అని చుట్ట వెలిగించాడు. అదే హైదరాబాద్ నుంచి మెషిన్ వచ్చిందంటే తెల్లచొక్కా వేసుకుని లైన్లో ముందు నిలబడతాడు.

కాబట్టి తప్పకుండా రండి. పనిచేయకపోయినా పర్లేదు, లైట్లు మిణుకుమిణుకుమంటే చాలు. ఊదే ముందు నోరు బాగా తెరిచి గాలి పీల్చుకోమనండి. ఆ సందులో మా ఆశా అమ్మాయి టార్చి వేసి చూసేస్తుంది.