పాట తర్వాత రాసుకోవచ్చు, ముందు మిక్సింగ్ కానివ్వండి

మన సంగీతం ఇంకా వెనకబడి ఉండడానికి కారణమేంటని ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా చెప్తాను: పాటలు రాసుకోవడం. పల్లవి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చరణం ఎత్తుగడ కుదరలేదని హార్మోనియం ముందు జుట్టు పీక్కుంటూ కూర్చుంటే, ఈలోపు ఎన్ని ప్లగిన్లు (శబ్దానికి మెరుగులు దిద్దే సాఫ్ట్‌వేర్లు) డిస్కౌంట్లో వచ్చి వెళ్ళిపోయాయో ఎవరైనా లెక్కేశారా?

మా మేనల్లుడు అలాంటి పొరపాటు చెయ్యడు, నేరుగా మిక్సింగ్‌కే (రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ పాళ్ళు కుదిర్చి కలపడం) వెళ్తాడు. కూకట్‌పల్లిలో వాడి పడగ్గదే స్టూడియో. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించాడు (వాటిని అడగడానికి వెళ్తే కొట్టాయన వీణ్ని ఆమ్లెట్ బండివాడనుకుని హోల్‌సేల్ రేటు చెప్పాడట). మైకు ఈఎంఐ మీద వచ్చింది. పోస్టర్ రెడీ, 'కమింగ్ సూన్' కూడా పడింది. మొన్న ఆదివారం నన్ను కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, "మావయ్యా, కిక్ డ్రమ్ము ఎలా ఉంది? లో ఎండ్, అదే బేసు, బురదగా లేదు కదా?" అన్నాడు.

విన్నాను. డ్రమ్ము గుండె మీద గుద్దింది. ఎడమ చెవిలో వాన, కుడి చెవిలో గజ్జెలు, నడిమధ్య వీడి గొంతు 38 ట్రాకులై "ఓ పిల్లా... నువ్వే నా... తననన నా..." అంది. కాసేపటికి మళ్ళీ అదే తననన, ఈసారి ఎకోతో.

"మాటలేవిరా?"

"అది డమ్మీ మావయ్యా, తర్వాత రాస్తా. ముందు వోకల్ సెట్ అవ్వాలి కదా."

"మరి రెండో చరణం?"

"మొదటిదే కాపీ పేస్ట్ చేసి ఫిల్టర్ వేశా. ఫ్రెష్‌గా ఉంటుంది."

ఫైలు పేరు 'ఫైనల్ మిక్స్ 23'. ఇంట్లో బియ్యం లేకుండా 23 సార్లు ఎసరు మరిగించాలంటే ఎంత పట్టుదల ఉండాలి! పైగా అందరి పాటలకన్నా గట్టిగా మోగాలని రెండు వారాలు నిద్ర మానేసి వాల్యూమ్ పెంచాడు. స్పాటిఫై దాన్ని మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా మోగుతుందో కొలిచే లెక్క) దగ్గరికి దించి కూర్చోబెడుతుందన్న సంగతి నేను చెప్పలేదు, పిల్లాడి మనసు నొచ్చుకుంటుందని.

సినిమావాళ్ళు కూడా ముందు ట్యూనే కడతారుగా అంటారేమో. నిజమే, కానీ అక్కడ కనీసం ట్యూన్ ఉంటుంది, తననాలు పాటల రచయితకి కొలత ఇవ్వడానికి. మావాడు ఒకడుగు ముందుకేసి ఆ కొలత టేపునే చొక్కాగా కుట్టించుకున్నాడు.

2023లో ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' సంగతే చూడండి. చంద్రబోస్ 90 శాతం ఒక్క పూటలో రాసేశారట, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందట. ఆ పది శాతంలో తననన పెట్టి గుహలో మోగినట్టు రివర్బ్ కొడితే ఎవరు పట్టుకుంటారండీ?

అన్నమయ్యది మరీ అన్యాయం. 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు, రాగిరేకుల మీద మాటలూ పైన రాగం పేరూ చెక్కించి వదిలేశారు. రేకుల్లో ఇప్పటికి దొరికినవి సుమారు 12 వేలు, వాటిలోనూ చాలావాటికి అసలు బాణీ ఏమిటో తెలీదు. 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి విద్వాంసులు కూర్చుని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. ఆడియో మొత్తం పోయి, వట్టి సాహిత్యంతో 500 ఏళ్ళు నెట్టుకొచ్చిన ప్రాజెక్టు అది. బ్యాకప్ తీసుకోకపోతే ఇలాగే ఉంటుంది.

నాకు తెలిసిన ఒక మిక్సింగ్ ఇంజనీరుకి మావాడి ఫైలు పంపితే, "ఉన్నదైతే సర్దుతా, లేనిది ఎక్కణ్నుంచి తేను?" అన్నాడు. మొరటు మనిషి. బిల్లు మాత్రం పంపాడు.

సరే, ఆ ఆదివారం ఇరవై నాలుగో మిక్సుకి మావాడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు, ఠక్కున కరెంటు పోయింది. చీకట్లో మా అమ్మ విసనకర్ర ఊపుకుంటూ, "ఏదిరా నాన్నా, ఇన్నాళ్ళుగా చేస్తున్నావుగా, ఓసారి పాడు విందాం" అంది. వాడు గొంతు సవరించుకున్నాడు. "ఓ పిల్లా" అన్నాడు. ఆగాడు.

"అంటే అమ్మమ్మా, ఇక్కడ డ్రాప్ వస్తుంది, బీటు దబ్బున పడుతుంది."

ఆవిడ పాపం కాసేపు డ్రాప్ కోసం ఎదురుచూసింది. రాకపోయేసరికి తన చిన్నప్పటి నాట్ల పాటేదో ఎత్తుకుంది, రెండో చరణానికి పక్క ఫ్లాట్ ఆవిడ బాల్కనీలోంచి గొంతు కలిపింది, మావాడు ఫోన్ టార్చి ఆర్పేసి నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

లోపం ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. రేపే వాడికి ఇన్వర్టర్ కొనిస్తున్నాను.