ప్లాటు నెలనెలా పప్పు ఉప్పుకు డబ్బులివ్వదు

మా నాన్న జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి 2019 ఆగస్టులో, 58 ఏళ్లకు రిటైర్ అయ్యారు. పీఎఫ్ డబ్బు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి ఇంటికి చుట్టాల రాకపోకలు పెరిగాయి. "బావా, బ్యాంకులో పెడితే ఏమొస్తుంది? షాద్‌నగర్ వైపు ప్లాటు తీసుకో, ఐదేళ్లలో డబుల్" అని ఒకటే పోరు. నాన్న 18 లక్షలు పెట్టి ప్లాటు కొనేశారు.

ధర పెరిగిందని అందరూ అంటారు. రెండేళ్ల నుంచి అమ్మకానికి పెడితే కొనేవాడే రాలేదు. మొన్న అమ్మ మోకాలి ఆపరేషన్‌కి నేను పర్సనల్ లోన్ తీసుకోవాల్సి వచ్చింది. సంతకం పెడుతుంటే పక్కనే కూర్చున్న నాన్న తల ఎత్తలేదు. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

ఆయనకు వచ్చే పీఎఫ్ పెన్షన్ మూడు వేల చిల్లర. అసలు జీతం ఎంతున్నా పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి పరిమితి ఉంటుంది. 2014 సెప్టెంబర్ దాకా అది 6,500, ఆ తర్వాత 15,000. దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ముప్పై ఐదేళ్లూ 15,000 మీదే లెక్క కట్టినా వచ్చేది 7,500. ఇది ఉద్యోగంలో ఉన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. అప్పట్లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వడ్డీ 8.6 శాతం, పరిమితి 15 లక్షలు. చేరిన రోజు ఉన్న వడ్డీయే ఐదేళ్లూ ఇస్తారు. అంటే మూడు నెలలకోసారి 32,250, నెలకు 10,750 లెక్క. 2020 ఏప్రిల్‌లో కొత్తగా చేరేవాళ్లకు 7.4కి తగ్గించినా ఆయన వడ్డీ కదిలేది కాదు. కాకపోతే 60 నిండనివాళ్లు రిటైర్‌మెంట్ డబ్బు అందిన నెలలోపే చేరాలి. ఆ నెల కాస్తా ప్లాట్లు చూడటంలో గడిచిపోయింది. ఆ గడువును మూడు నెలలు చేసింది 2023 నవంబర్‌లో. పరిమితిని 30 లక్షలకు పెంచిందీ ఆ ఏడాదే. పెద్దవాళ్లకు ఎల్‌ఐసీ నడిపిన పెన్షన్ పథకం వయ వందన యోజన మూతపడిందీ ఆ ఏడాదే, మార్చి 31న. రూల్స్ ఇలా మారుతుంటే ఆ వయసులో వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదెవరు?

మిగిలిన కాస్త డబ్బు ఎఫ్‌డీలో ఉంది. 2025లో రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 6.5 శాతం నుంచి 5.25కి వచ్చింది. మా తమ్ముడి హోమ్ లోన్ ఈఎంఐ తగ్గింది, నాన్న వడ్డీ కూడా తగ్గింది. టీవీలో మాత్రం ఈఎంఐ గురించే చెప్పారు.

స్థలం కొనడం తప్పని నేను అనను. సంపాదిస్తున్న వయసులో కొనుక్కోండి. ఇంట్లో ఎవరైనా రిటైర్ అయితే మాత్రం "ఎంత వచ్చింది?" అని అడగకండి, "నెలకు ఎంత వచ్చేలా పెట్టుకుంటున్నారు?" అని అడగండి. ఆ జవాబు తేలేదాకా ఒక్క గజం కూడా కొననివ్వకండి.

వచ్చే నెల మా పెద్దమామయ్య రిటైర్ అవుతున్నారు. పోస్టాఫీసు ఫారం తెచ్చి నిన్నే ఇచ్చి వచ్చాను. ప్లాట్లవాళ్ల ఫోన్లు ఆయనకు అప్పుడే మొదలయ్యాయట.