భోగి మంటకు కావలెను: ఒక హ్యాండ్‌బ్యాగు

సంక్రాంతి దగ్గర పడగానే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వాట్సాప్‌లో ఒక ప్రకటన జారీ చేస్తారు. "ఈ భోగికి ప్రతి ఫ్లాట్ నుంచి కనీసం ఒక పనికిరాని పాత వస్తువు తేగలరు." అంతే. అందులో బ్యాగు అన్న మాటే లేదు. ఉండనక్కర్లేదు కూడా. ఆ మెసేజీ చదివిన మరుక్షణం ప్రతి ఇంట్లో మగవాళ్ళ చూపు ఒకే అల్మరా వైపు తిరుగుతుంది. పాత వస్తువు అంటే భార్య హ్యాండ్‌బ్యాగు అని ఏ ధర్మశాస్త్రంలో రాసుందో తెలీదు కానీ, అందరికీ కంఠతా వచ్చు.

నిజానికి భోగి మంటలో వేసేవి పిడకలు, కట్టెలు, పాడైపోయిన చెక్క సామాను. రెక్సిన్ బ్యాగు పడేస్తే లేచే నల్లటి పొగకి ఉత్తరాయణం కూడా ఓ రోజు ఆగి వస్తుంది. ఈ మాట అంటే, "బ్యాగు ఇవ్వకుండా ఉండటానికి పర్యావరణం కూడా అడ్డొచ్చిందా?" అని అడుగుతారు. వచ్చింది మరి.

పోయిన భోగికి ఏం జరిగిందో చెప్పాలి. చరిత్రకు ఒక సాక్ష్యం ఉండాలి కదా. తెల్లవారుజామున, మంచులో, శాలువాలు కప్పుకుని మగవాళ్ళంతా సెల్లార్ ముందు చేరారు. ఆన్‌లైన్లో తెప్పించిన పిడకలు పేర్చారు. ముందుగా సెక్రటరీ గారే కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీతో వచ్చారు. మంట దాకా తెచ్చి, రెండు సార్లు తిప్పి చూసి, "గోడకి ఆనించి వేసుకుంటే ఇంకా పనికొస్తుంది" అని వెనక్కి పట్టుకెళ్ళిపోయారు. రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు గారు పాత కరెంటు బిల్లుల కట్ట తెచ్చారు. వేసే ముందు ఒక్కసారి చూద్దామని మంట వెలుగులో కూర్చున్నారు. ఎప్పటిదో ఒక బిల్లులో తన దగ్గర ఎక్కువ వసూలు చేసినట్టు కనిపించింది. ఇక ఆ కట్ట కాలుతుందా? అది ఆధారం. మళ్ళీ దారం కట్టి లోపలికి తీసుకెళ్ళారు.

తర్వాత వచ్చినాయన చంకలో ఉమ్మడి రాష్ట్రం నాటి గ్రూప్ వన్ గైడు. ఆ పరీక్షకు ఆయన వయసు దాటిపోయింది. సిలబస్ మారిపోయింది. రాష్ట్రమే విడిపోయింది. అయినా మంట ముందు నిలబడి రెండు పేజీలు చదువుకుని, "రిఫరెన్స్‌కి ఉంటుంది లెండి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. పైగా ఇద్దరు తల ఊపారు. ఇంకొకాయన బాత్రూమ్ నల్లా తెచ్చాడు. ఇత్తడిదట, కాలదట, అందుకని చూపించి తీసుకెళ్ళాడు. మా ఆయన మాత్రం ఉత్త చేతులతో వచ్చారు. ఆయన సొరుగు నిండా వైర్లు ఉన్నాయి. ఏ టీవీవో, ఏ డెక్కువో, సన్నపిన్ను నోకియా ఛార్జర్లతో సహా. అవన్నీ "ఎప్పుడైనా అవసరం పడతాయి" అనే శాఖ కిందకి వస్తాయి కాబట్టి పాత వస్తువులు కావు.

చివరికి మంటలో పడినవి పిడకలు, రెండు అట్టపెట్టెలు. మంట చిన్నదైపోతోంది. అప్పుడు ఎవరో, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అన్నారు: "లేడీస్ హ్యాండ్‌బ్యాగులేమైనా ఉంటే తెప్పించండి."

ఇన్ని బ్యాగులెందుకు అని అడిగేవాళ్ళకి నా జవాబు చాలా పాతది. మా అమ్మమ్మకు బ్యాగు లేదు. ఆవిడ ఆస్తంతా కొంగు చివర ముడిలో ఉండేది, తాతయ్య చెయ్యి చాచితే ఆ ముడి విప్పేది. మా అమ్మకు ఒక పర్సు ఉండేది. అది బీరువాలో ఉండేది, బీరువా తాళం నాన్న దగ్గర ఉండేది. నేను మొదటి జీతంతో శాంతినికేతన్ తోలు బ్యాగు కొనుక్కున్నాను. మూత మీద అచ్చొత్తిన పువ్వులు, కొంచెం ఎరుపు, కొంచెం పసుపు. మా కాలేజీలో ఉద్యోగం వచ్చిన ప్రతి అమ్మాయి భుజానికీ ఆ రోజుల్లో అదే. చీరకు జేబుండదు. పంజాబీ డ్రెస్సుకు ఉండేది కాదు. కుర్తీలకు ఈమధ్య పెడుతున్నారు, రుమాలు పట్టేంత. చొక్కాకొకటి, ప్యాంటుకు నాలుగు చొప్పున అయిదు బ్యాగులు ఒంటికే కుట్టించుకుని తిరిగేవాళ్ళు వచ్చి నాకు ఒక్క బ్యాగు చాలంటారు. అన్నాక, బీపీ మాత్రలూ కళ్ళజోడూ తెచ్చి నా ఒక్క బ్యాగులోనే పడేస్తారు.

ఆ తర్వాత నాంపల్లి నుమాయిష్‌లో కొన్న అద్దాల బ్యాగు వచ్చింది. సగం అద్దాలు రాలిపోయాయి, మిగతావాటిలో మొహం ఇప్పటికీ బాగానే కనిపిస్తుంది. పెళ్ళిళ్ళకి పట్టు పర్సు. ఆర్టీసీ బస్సుకి జిప్పు లోపల జిప్పున్న బ్యాగు. ఒక నల్ల రెక్సిన్ బ్యాగుంది, దాని సంగతి తర్వాత.

సరే, ఒకటైనా తీసేద్దామని కూర్చుంటే బ్యాగు ఖాళీగా ఉండదు కదా. యాదగిరిగుట్ట కుంకుమ పొట్లం దొరుకుతుంది. దాన్ని చెత్తలో వేయలేం, మొక్కలో వేయాలి. మొక్క బాల్కనీలో ఉంది, బాల్కనీలోకి వెళ్తే బట్టలు తీయాలని గుర్తొస్తుంది. మళ్ళీ వస్తే ఆర్టీసీ ఉచిత ప్రయాణం మహాలక్ష్మి జీరో టికెట్లు, ఎవరి జాకెట్టుదో ఒక హుక్కు, లోపలి అరలో నాలుగు మడతలు పెట్టిన పాత అయిదు వందల నోటు. 2016 నవంబర్ 8 రాత్రి రద్దయిపోయిన రకం. ఆ గడువుల గొడవలో ఇల్లంతా వెతికాం, ఇది మాత్రం నోరు మెదపలేదు. 2017లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఇలాంటివి 10 నోట్లకు మించి దగ్గర ఉంచుకుంటే జరిమానా. 10 దాకా ఉంచుకోవచ్చు. చచ్చిపోయిన కాగితానికి కూడా ఎన్ని ఉండచ్చో సభలో కూర్చుని లెక్క తేల్చారు. బతికున్న తోలుకి ఆ భరోసా లేదు.

మా అన్నయ్య కొడుకు గచ్చిబౌలిలో ఉద్యోగం, మినిమలిస్టు. రెండు నల్ల టీషర్టులే ఉంటాయి, నాలుగు కీబోర్డులుంటాయి. "అత్తా, ఏడాదిగా వాడని వస్తువంటే నీకు అక్కర్లేదని లెక్క" అన్నాడు. లిఫ్టు పక్కనున్న నిప్పులార్పే సిలిండర్ చూపించాను. దాంతో ఇల్లు సర్దడం నేర్పే జపాన్ మేరీ కొండోను రంగంలోకి దింపాడు. వస్తువు చేత్తో పట్టుకుంటే మనసులో ఆనందం పుట్టాలట, పుట్టకపోతే తీసేయాలట. వరసపెట్టి అన్నీ పట్టుకున్నాను. అన్నింటికీ పుట్టింది. మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడం తను కూడా కాస్త వదిలేశానని ఆవిడే 2023లో చెప్పిన సంగతి వాడికి నేనే చెప్పాల్సొచ్చింది.

అయినా వాడు ఊరుకోలేదు. "సినిమా నటి, గాయని జేన్ బర్కిన్ అంతటావిడే తన బ్యాగు ఇచ్చేసింది" అన్నాడు. ఇచ్చింది, నిజమే. 1980ల మధ్యలో ఫ్రాన్సు బ్యాగుల కంపెనీ ఎర్మెస్ వాళ్ళు తన పేరు మీద చేసిచ్చిన మొట్టమొదటి బ్యాగును ఓ పదేళ్ళు వాడి, 1994లో ఎయిడ్స్ బాధితుల సాయం కోసం వేలానికి ఇచ్చింది. అదే బ్యాగు 2025 జూలైలో పారిస్‌లో సోదబీస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. మన లెక్కలో 80 కోట్ల పైమాటే. ఏమిటా బ్యాగు? తోలు మీద గీతలు, మరకలు, స్టిక్కర్లు అంటించి పీకిన జాడలు, పట్టీకి వేలాడుతూ ఒక నెయిల్ కట్టర్. అచ్చం నా శాంతినికేతన్ బ్యాగే, పిన్నీసుల గుత్తి ఒక్కటే తక్కువ. పారిస్‌లో గీత పడితే చరిత్ర, కూకట్‌పల్లిలో గీత పడితే భోగి మంట.

ఇక ఈ సలహాదారులంతా చివరికి చేరే మాట ఒకటుంది. "పోనీ, పనమ్మాయికి ఇచ్చేయరాదూ?" ఎంత దయగా అంటారో. ఏ వస్తువు గురించి? పట్టీ ఊడిన దాని గురించి, జిప్పు పడని దాని గురించి, పైపొర పొలుసులుగా రాలి చీరకంటుకునే దాని గురించి. బాగున్నంతకాలం ఆమె ఎవరికీ గుర్తు రాదు. అది మన భుజానికి ఎక్కలేని స్థితికొచ్చాక ఆమె భుజం గుర్తొస్తుంది. మా ఎదురింటావిడ అలాగే ఒకటి ఇవ్వబోయింది. మా ఇద్దరిళ్ళలోనూ పనిచేసే ఆవిడ దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "వద్దమ్మా" అంది. ఎందుకంటే, "జిప్పు పడదు కదమ్మా. నా బ్యాగులో డబ్బులుంటాయి."

ఎదురింటావిడకు కోపం వచ్చింది. "పోనీలే పాపం అని ఇస్తుంటే వంకలు పెడుతోంది చూడండి" అని నాతో అంది. ఏది వంక? నాలుగిళ్ళలో అంట్లు తోమి సంపాదించిన డబ్బు రోడ్డు మీద పడకూడదనుకోవడమా? దసరాకి బోనస్ అడిగితే బ్యాగు చేతిలో పెట్టడం, జీతం 500 పెంచమంటే పాత చీరల మూట చూపించడం, ఒక్క పూట రాకపోతే జీతం కోయడం, ఇవన్నీ చేసే చేతులే దానం కూడా చేస్తున్నాయి. ఇంటి పనివాళ్ళకి దేశమంతటా వర్తించే ప్రత్యేక చట్టం లేదు, ఆ సంగతి చూడమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. రద్దయిన నోటుకి చట్టం చేయడానికి తీరిక దొరికింది, అంట్లు తోమే మనిషికి దొరకలేదు. ఆ మనిషిని చెత్తబుట్టగా వాడుకుంటూ, ఆ వాడకానికి పుణ్యం కూడా లెక్కేసుకునే వాళ్ళని చూస్తే నాకు వ్యంగ్యం రాదు, ఒళ్ళు మండుతుంది. అది పారేయాల్సిన వస్తువైతే పారేయండి. పుణ్యం దాకా ఎందుకు?

ఇప్పుడు ఆ నల్ల రెక్సిన్ బ్యాగు సంగతి. మన ఉక్కకి, వానాకాలం చెమ్మకి అలాంటి సరుకు నాలుగేళ్ళు నిలిస్తే గొప్ప. లోపల సిలికా పొట్లాలు వేసినా, పాత పేపర్లు కూరినా, పొలుసులు ఊడుతూనే ఉన్నాయి. ఆనందం పరీక్ష పెట్టలేదు, ఎవరి భుజాన్నీ తలుచుకోలేదు. కుంకుమ పొట్లం తీసి, అరలు దులిపి, పొడి చెత్త డబ్బాలో వేసి స్వచ్ఛ ఆటో కోసం గుమ్మం బయట పెట్టాను. ఇంట్లో ఒక బ్యాగు తగ్గింది. ఇల్లంతా చాటింపు వేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది డైనింగ్ టేబుల్ మీదుంది. తడిగుడ్డతో తుడిచి కూడా ఉంది. "ఇంత మంచిది పారేశావేంటి?" అన్నారు మా ఆయన, సొరుగులోంచి వైర్లు తీసి అందులో సర్దుతూ.