బంగారం మీద వాలని తుమ్మెద

పెళ్ళిళ్ళ సీజన్‌లో నరసాపురంలోనో భీమవరంలోనో ఏ బంగారం కొట్టుకైనా వెళ్ళండి. మామిడి పిందెల హారం, కాసులపేరు, గుత్తపూసలు, చామంతి పువ్వు దుద్దులు, హంస పతకం, నెమలి వంకీ వరసగా బల్ల మీదికొస్తాయి. జడకు నాగరం కావాలంటే పడగ విప్పిన పామూ వస్తుంది. చెట్టున కాసేది, చెరువులో ఈదేది, పుట్టలో ఉండేది అన్నీ ఉంటాయి. పురుగు మాత్రం ఉండదు. తేనెటీగ లేదు, తుమ్మెద లేదు, తూనీగ లేదు. చిన్నపిల్లల కమ్మల్లో సీతాకోకచిలుకలు నాలుగు జతలు కనిపిస్తే కనిపించొచ్చు. అవి కూడా చాలావరకు ఎక్కడో మెషిన్ మీద అచ్చు పడి వచ్చినవే.

మిగతా ప్రపంచంతో పోలిస్తే ఇది ఆలోచించాల్సిన విషయం. క్రీట్ ద్వీపంలోని మాలియాలో దొరికిన ఒక బంగారు పతకంలో రెండు తేనెటీగలు ఎదురెదురుగా వంగి గుండ్రటి తేనెపట్టును పట్టుకుని ఉంటాయి. కొందరు వాటిని కందిరీగలంటారు. ఏవైనా, వాటి వయసు మూడున్నర వేల ఏళ్ళకు పైమాటే. పక్కనే ఈజిప్టు. అక్కడ పేడపురుగే దేవుడయింది.

ఈజిప్టు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అదీ ఒక నది డెల్టా కథే. పేడను ఉండ చేసి వెనక కాళ్ళతో దొర్లించుకుపోయే పురుగును చూసి, ఆకాశంలో సూర్యుణ్ణి కూడా ఇలాగే ఎవరో దొర్లిస్తున్నారని వాళ్ళు ఊహించారు. ఆ దేవుడి పేరు ఖెప్రి, ఉదయించే సూర్యుడు. ఉండలో పెట్టిన గుడ్డు మట్టిలో ఉండి కొన్నాళ్ళకు కొత్త పురుగై బయటికొస్తుంది. పూడ్చిపెట్టిన చోటు నుంచే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది వాళ్ళకి. అందుకే ఆ పురుగు రూపంలో తాయెత్తులు చేసి ఉంగరాల్లో పొదిగించుకున్నారు, ముద్రలుగా వాడారు. శవం గుండె దగ్గర పెద్ద రాతి పురుగును పెట్టి, దాని కింది వైపున ఒక ప్రార్థన చెక్కేవారు. పరలోకంలో తూకం వేసే వేళ నా గుండె నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదని ఆ ప్రార్థన. 1922లో బయటపడిన టుటన్‌ఖమున్ సమాధిలో ఈ పేడపురుగు పతకాలు బంగారంతో, రంగురాళ్ళతో మెరుస్తూ దొరికాయి.

మన ఊళ్ళలో నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ ముగ్గులో పేడ ఉండలుంచి, గుమ్మడి పువ్వు గుచ్చి, సూర్యుడు మకరంలోకి వచ్చే పండగ దాకా గొబ్బెమ్మలని పూజిస్తాం. పేడ ఉండ, సూర్యుడు రెండూ మన పండగలోనూ ఉన్నాయి. ఈ ఆచారానికీ ఈజిప్టుకీ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. పేడంటే మనకు ఏవగింపు లేదని మాత్రమే అంటున్నాను. పశువుల పాక పక్కన పేడపురుగు ఇక్కడా అదే పని చేస్తుంది. అయినా మన కంసాలి కంటికి అది నగగా కనిపించలేదు. కాబట్టి అసహ్యం వల్లే పురుగును వదిలేశామనడం కుదరదు.

పంట నష్టం వల్ల అనొచ్చు. డెల్టా రైతుకు పురుగంటే దోమపోటు, ఆకుముడత, కాండం తొలిచే పురుగు. కోనసీమలో అయితే కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, చెట్టును లోపల్నుంచి తినేసే ఎర్రముక్కు పురుగు, కొన్నేళ్ళుగా ఆకుల అడుగున పరుచుకుంటున్న తెల్లదోమ. తిండిగింజ మీద పడేదాన్ని ఎవరు మెళ్ళో వేసుకుంటారు? వినడానికి బాగానే ఉంది గానీ ఈ వాదన కూడా నిలబడదు. పొలం గట్ల మీద పాము కాటుకు మనుషులు పోతున్నా, ఆ పామునే నాగుల చవితికి పాలు పోసి కొలుస్తాం, బంగారంతో చేయించి పెళ్ళికూతురి జడ మీద పెడతాం. భయపెట్టేదాన్ని నగ చేసుకోవడం మనకు బాగా తెలుసు. పైగా తేనెటీగ, తూనీగ, పేనుబంకను తినే అక్షింతల పురుగు రైతుకు మేలు చేసేవే.

అసలు కారణం మరొకటని నా నమ్మకం. ప్రపంచంలో పేరుపడ్డ పురుగు నగల్లో చాలావాటిని చచ్చిపోయినవాళ్ళ పక్కన పెట్టారు. మాలియా తేనెటీగలు దొరికింది సమాధుల కట్టడంలో. చైనాలో హాన్ రాజుల కాలంలో చనిపోయినవారి నాలుక మీద పచ్చరాయితో చెక్కిన చిమ్మెటను (సికాడాను) పెట్టేవారు. ఏళ్ళ తరబడి నేలలో ఉండి, పైకొచ్చి, పాత తొడుగు విడిచి ఎగిరిపోయే పురుగు కాబట్టి మనిషికీ అలాగే జరగాలని వాళ్ళ ఆశ. ఈజిప్టు రాణి అహోతెప్ సమాధిలో 1859లో గొలుసుకు గుచ్చిన మూడు పెద్ద బంగారు ఈగలు దొరికాయి. యుద్ధంలో తెగువ చూపినవారికి అక్కడ ఈగ బిరుదుగా ఇచ్చేవారు. ఎన్నిసార్లు తోలినా మళ్ళీ మీదికొచ్చేదే కదా ఈగ! వేమన చెవిలో జోరీగను భరించలేని బాధల లెక్కలో వేశాడు. వాళ్ళు ఆ మొండితనాన్నే పతకం చేశారు.

ఫ్రాన్సు, బెల్జియం ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధి 1653లో టూర్నేలో బయటపడింది. అందులో ఎర్రరాళ్ళు పొదిగిన బంగారు తేనెటీగలు మూడు వందల దాకా ఉన్నాయి. నూట యాభై ఏళ్ళ తర్వాత నెపోలియన్, పాత రాజవంశపు లిల్లీ పువ్వు గుర్తు వద్దనుకుని ఈ తేనెటీగను తీసుకున్నాడు. 1804 పట్టాభిషేకంలో అతని వస్త్రం నిండా బంగారు తేనెటీగలే. వెయ్యేళ్ళకు పైగా సమాధిలో ఉన్న పురుగు అలా సామ్రాజ్యానికి గుర్తయింది. మన గౌతమి ఒడ్డున ఉన్న యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళదే గానీ, నెపోలియన్ ఏలిన కాలంలో చాలావరకు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. చిల్డెరిక్ తేనెటీగలను 1831లో పారిస్‌లో దొంగలెత్తుకుపోయారు. బంగారం కోసం కరిగించేశారు. ఇప్పుడు మిగిలినవి రెండే.

ఈ లెక్కకు లొంగని ఉదాహరణ కూడా ఉంది. ఏథెన్స్ పెద్దమనుషులు ఒకప్పుడు జుట్టు ముడిలో బంగారు చిమ్మెటను దోపుకునేవారని చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. అది బతికున్నవాళ్ళ నగ. అయితే అక్కడా మట్టితో సంబంధం ఉంది. చిమ్మెటలాగా తామూ ఈ నేలలోంచే పుట్టామని, ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్ళం కామని ఏథెన్స్ వాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు.

మన బంగారం మట్టిలోకి పోదు. దహనమైనా ఖననమైనా ముందు ఒంటి మీది నగలు తీసి ఇంటివాళ్ళ చేతికిస్తారు. అవి అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వెళ్తాయి. సార్వా నాట్లకు పెట్టుబడి లేకపోతే బ్యాంకులో తాకట్టుకెళ్ళి, పంట డబ్బు చేతికొచ్చాక తిరిగొస్తాయి. చచ్చాక ఏమవుతామన్న ప్రశ్నకు జవాబు చెప్పే పని మన నగకు ఎవరూ అప్పజెప్పలేదు. దానికి అప్పజెప్పింది ఈ ఇంట్లో ఉన్నది పెరగాలన్న కోరిక. అందుకే కాసులు, పిందెలు, మొగ్గలు, ముత్యాల గుత్తులు. ఒకటి పదిగా, పది నూరుగా కనిపించే ఆకారాలే మనవాళ్ళు ఏరి ఏరి బంగారంలోకి తెచ్చుకున్నారు. పక్కన కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వి తీసిన ధాతు కరండాల్లో (అస్థికలు దాచే చిన్న పెట్టెల్లో) బుద్ధుడి అవశేషాలుగా భావించినవాటితో పాటు బంగారు పువ్వులు ఉన్నాయి. బంగారాన్ని మరణించినవారి పక్కన పెట్టిన ఆ అరుదైన సందర్భంలో కూడా మనవాళ్ళు ఎంచుకున్నది పువ్వునే.

అంతమాత్రాన తెలుగువాళ్ళకు పురుగు పట్టదని అనుకోకూడదు. పాల్కురికి సోమన నాటికే తుమ్మెద పదాలు జనం నోట ఉన్నాయి. అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు తుమ్మెదల రూపం ఎత్తిందన్న కథ ఇంటింటా తెలుసు. శ్రీశైలం భ్రమరాంబ పేరు పెట్టుకున్న ఆడవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎంతమందో. ఇక కావ్యాల్లో తుమ్మెద లేని వనవర్ణన ఉండదు. వసుచరిత్రలోని ముక్కు పద్యం అందరికీ తెలిసిందే. అన్ని పూల దగ్గరికీ వెళ్ళే తుమ్మెద తన దగ్గరికి రాలేదని సంపెంగ అలిగి, తపస్సు చేసి, అమ్మాయి ముక్కుగా పుట్టింది. అప్పుడు ఆమె చూపులే తుమ్మెద బారులై దానికి రెండు వైపులా చేరాయి. ఎంత గొప్ప ఊహ! తుమ్మెద ఎక్కడుందో గమనించండి. కాటుక కంట్లో ఉంది, నల్లటి కురుల్లో ఉంది. నగలో లేదు. మన కవికి అది ఒంటి అందంలోనే కలిసిపోయింది. ఒంట్లో ఉన్నదాన్ని మళ్ళీ బంగారంతో చేయించి ఒంటి మీద పెట్టాలన్న ఆలోచన కంసాలికి రాకపోవడం సహజమే.

బంగారం లోపలి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాతకాలపు బంగారు గుళ్ళను ఎప్పుడైనా విప్పించి చూస్తే లోపల ఎర్రటి లక్క కనిపిస్తుంది. పల్చటి రేకుతో చేసిన బోలు గుండు సొట్ట పడకుండా లోపల లక్క నింపుతారు. రేకు మీద నగిషీ తీసేటప్పుడు అది కదలకుండా ఉండటానికి కింద లక్క పరుస్తారు. ఆ లక్క ఒక పురుగు చేసేది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా అంటుకుని రసం పీల్చే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడే లక్క. ఇక పోత పని. ముందు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో లోహం పోసే పద్ధతిని పన్నెండో శతాబ్దపు చాళుక్య రాజు సోమేశ్వరుడి మానసోల్లాసం వర్ణించింది. ఆ మైనం తేనెటీగ ఇచ్చిందే. అంటే పురుగు లేకుండా మన పాత నగ తయారయ్యేదే కాదు. పైకి కనిపించని చోట కూర్చుని ఆకారం నిలబెట్టింది. మనం మాత్రం పాత నగ మార్చేటప్పుడు లక్క తూకం ఎంత పోయిందని గొడవపడటానికే దాన్ని గుర్తు చేసుకుంటాం.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో పురుగుల ఫ్యాషన్ వచ్చినప్పుడు ఈ వ్యాపారం మన తీరం దాకా వచ్చింది. ఆకుపచ్చగా మెరిసే బంగారు పురుగు గట్టి రెక్కలను ముక్కలు చేసి మస్లిన్ మీద జరీతో కలిపి కుట్టి మద్రాసు నుంచి ఓడల్లో పంపేవారు. 1888లో నటి ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్ వేషానికి వేసుకున్న గౌను మీద అలాంటి రెక్కలు వెయ్యి దాకా ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారులో లేడీ కర్జన్ నెమలి గౌనుకూ ఇవే. కొందరు ఇంకా ముందుకెళ్ళి బతికున్న పురుగునే గొలుసు కట్టి రవిక మీద పాకనిచ్చారు. మెక్సికోలోని యుకటాన్‌లో రాళ్ళు అతికించిన బతికున్న పెంకుపురుగులను నేటికీ అమ్ముతున్నారు. నాకిది క్రూరంగానే అనిపిస్తుంది. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన పిల్లలు పెద్దయ్యాక మానేస్తారు. పెద్దవాళ్ళు నగ పేరుతో అదే పని చేస్తే ఒప్పుకోలేం.

అదే కాలంలో పారిస్‌లో రెనె లలీక్ పురుగును చంపకుండా, కట్టెయ్యకుండా దాని అందమంతా నగలోకి తెచ్చాడు. 1897-98 నాటి అతని తూనీగ నగ ఇప్పుడు లిస్బన్‌లోని గుల్బెంకియన్ మ్యూజియంలో ఉంది. తూనీగ నోట్లోంచి స్త్రీ రూపం బయటికొస్తుంటుంది. వెలుతురు దూరే ఎనామెల్ రెక్కలు, చంద్రకాంత శిలలు, వజ్రాలు. జపాన్‌లో వెనక్కి తిరగని పురుగని పేరున్న తూనీగను సమురాయ్‌లు శిరస్త్రాణం మీద పెట్టుకున్నారు.

మన డెల్టాకు ఒక పురుగు నగ కావాలంటే అది తూనీగే కావాలని నేను గట్టిగా అంటాను. వరి చేల మీద, చేపల చెరువుల మీద వానాకాలం పొడుగునా తిరిగేది అదే. దాని పిల్లలు నీళ్ళలో దోమ పిల్లల్ని తింటాయి, పెద్దవి గాల్లో దోమల్ని పట్టుకుంటాయి. మన దగ్గర కనిపించే పసుపు రంగు తూనీగ రకం రుతుపవనాల గాలిని పట్టుకుని భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా దాకా సముద్రం దాటుతుందని 2009లో జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ తన పరిశీలనలతో వివరించాడు. గల్ఫ్‌కు, సింగపూర్‌కు పిల్లల్ని పంపే ఈ ఊళ్ళలో ఆ ప్రయాణం విలువ చెప్పకుండానే తెలుస్తుంది.

చేయించడంలో ఇబ్బందులు లేకపోలేదు. రెక్క పల్చగా ఉండాలి, కానీ 22 క్యారెట్ల బంగారం మెత్తన, పల్చటి రెక్క వంగిపోతుంది, చీర కొంగుకు పట్టుకుంటుంది. రెక్కకు 18 క్యారెట్లు వాడితే గట్టిగా ఉంటుంది గానీ, మార్చేటప్పుడు 916 రేటు రాదని ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. రెండు గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి చిన్న తూనీగ ముక్కుపుడకతోనో, చెవి దుద్దులతోనో మొదలుపెట్టొచ్చు. అయితే హాల్‌మార్క్ లేని చోట కొనేవాళ్ళ నమ్మకమంతా చేసిన మనిషి మీదే ఉంటుంది. ఆ మనిషే తగ్గిపోతున్నాడు. అచ్చు నగలు షోరూముల్లోకి వచ్చాక కుంపటి ముందు కూర్చునేవాళ్ళకు మిగిలింది చాలావరకు అతుకులు వేయడం, మెరుగు పెట్టడం. మామిడి పిందె అచ్చులు ఎక్కడైనా దొరుకుతాయి. తూనీగకు అచ్చు లేదు. దాన్ని ఎవరో ఒకరు చేలో చూసి, గీసి, రేకు కోసి చేయాలి. అలాంటి పనికి మజూరీ ఎంతడిగినా ఇవ్వడానికి సిద్ధపడే పది ఇళ్ళు దొరికితే, ఆ పని తెలిసిన చేతులు రాజమండ్రిలో, నరసాపురంలో ఇంకా ఉన్నాయి.