ఎలుకలు చాలవా అన్నవారికి

గొర్రె మెదడులోకి ఎమ్మారైలో చూస్తూ మందు పంపే ప్రయోగం గురించిన ఈ వ్యాసం కింద, అదంతా దండగ, చిట్టెలుకలు చాలవా అని ఒకరు రాశారు. చాలవండీ. చిట్టెలుక మెదడు అర గ్రాము ఉంటే ఎక్కువ, పైగా నున్నగా ఉంటుంది. గొర్రెది నూరు గ్రాములు దాటుతుంది, మనకున్నట్టే మడతలూ ఉంటాయి. ఇక నేరుగా మెదడులోకే ఎందుకంటే, రక్తంలోకి ఎక్కించిన మందుల్లో చాలావాటిని మెదడు రక్తనాళాల గోడ లోపలికి రానివ్వదు. అందుకే సన్నని గొట్టంతో నేరుగా, చాలా నెమ్మదిగా పంపుతారు. ఎమ్మారైలో మెరిసి కనిపించే గడోలినియం అనే లోహపు పదార్థం కలిపితే మందు ఎంతవరకు పాకిందో, గొట్టం వెంట వెనక్కి తన్నిందో తెరమీద అప్పుడే కనిపిస్తుంది. అసలు గొప్ప అదే.

మా పర్లాకిమిడి వైపు గొర్రెలకు బద్దెపురుగు బుడగ మెదడులో చేరి గుండ్రంగా తిరిగే జబ్బు వస్తే, పుర్రె మెత్తబడిన చోటు వేళ్లతో తడిమి చూడడమే. ఎమ్మారై అంటే మనుషులే విశాఖకో బరంపురానికో పరుగెత్తుతారు! ప్రయోగం అయ్యాక ఆ గొర్రెల్ని ఏం చేస్తారో కూడా వ్యాసంలో రాయాల్సింది.