దేవుడి దగ్గర లేని పేచీ పెళ్లి దగ్గర ఎందుకు?

దేశంలో ఎక్కడ మతాల గొడవ జరిగినా ఉమ్మడి నల్లగొండ, పాలమూరు నాయకులు మైకుల ముందు ఒకటే పాట అందుకుంటారు. మా దగ్గర అట్లాంటివి ఉండవు, కావాలంటే పీర్ల పండుగ (మొహర్రం) చూడండి, జాన్‌పహాడ్ దర్గా దగ్గర ఏటా జరిగే ఉర్సు చూడండి అని. చూడాల్సినవే, కాదనను. హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఊళ్లలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు కొల్లలు. దర్గాకు మొక్కుకుంటే పుట్టారని పెట్టుకున్న పేర్లవి. ఆ ఇళ్లలోనే గోడకు యాదగిరి నరసింహస్వామి పటమూ ఉంటుంది. బాగానే ఉంది గానీ, దీన్నే మన సహనానికి సర్టిఫికెట్‌గా చూపించుకోవడం నాకు నచ్చదు.

ఎందుకంటే ఈ దృశ్యం చూపించి చివరికి చెప్పేది 'అన్ని మతాలూ ఒకటే' అని. ఒకటి కావు. దేవుడికి రూపమే లేదని రోజుకు ఐదుసార్లు నమాజు చేసే ఆయన, అదే దేవుడికి పట్టుబట్టలు కట్టి కళ్యాణం చేయించే ఆయన ఒకే మాట చెప్పడం లేదు. తన దారే సరైనదని ఇద్దరూ నమ్ముతారు. నమ్మకం అంటేనే అది. అందరిదీ ఒకటే కాబట్టి కలిసి ఉందాం అంటే, తేడా బయటపడిన రోజు విడిపోదాం అన్నట్టే. ఇవాళ జరుగుతున్నదీ అదే. అసలు పీర్లు ఇస్లాంలోనే లేవని ఒక వైపు పిల్లలు అంటున్నారు. మన దేవుళ్లు చాలలేదా అని ఇంకో వైపు వాళ్లు అడుగుతున్నారు. 'అన్నీ ఒకటే' దగ్గర వీళ్లకు జవాబు లేదు.

జవాబు పీర్ల పండుగకు నిప్పు రాజేసే గుండం, అలావా దగ్గర ఉంది. పీరెత్తుకున్న గొల్లాయనను చూడండి. ఊదు పొగలో, డప్పుల మోతలో నిప్పుల గుండం చుట్టూ ఆడతాడు. దట్టీ కట్టిస్తాడు, కుడుకలు, మలీద పంచుతాడు. పీర్లు సాగనంపి ఇంటికొచ్చాక మల్లన్నకు బోనం వండటం మానుకోడు. పీర్లను చూసుకునే ముజావర్ ఆయనను కలమా (ఇస్లాం విశ్వాస వాక్యం) చదవమనడు, ఈయన ముజావర్‌ను బొట్టు పెట్టుకోమనడు. ఎవరి నమ్మకం మీద వాళ్లకు ధీమా ఉంది కాబట్టి ఇద్దరికీ టెన్షన్ లేదు. పక్కవాడి పండుగకు చందా ఇస్తే తన మతం మంటగలిసిపోతుందని భయపడేవాడిని గట్టి భక్తుడంటే నేను ఒప్పుకోను.

నాగార్జునసాగర్ నీళ్ల కింద మునిగిన విజయపురిలో క్రీ.శ. 3వ శతాబ్దంలోనే ఇట్లా ఎవరి నమ్మకంతో వాళ్లు కలిసి బతికారు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోడబుట్టిన శాంతిశ్రీ అదే ఊళ్లో బౌద్ధుల మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) దానాలు చేసింది. ఆమె కూతురినే ఆయన కొడుకు వీరపురుషదత్తుడికి ఇచ్చారు. అంటే యజ్ఞాల ఇంటికీ చైత్యాల ఇంటికీ మధ్య మేనరికం. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇది ఒక మార్కు బిట్టు, అంతకు మించి ఎవరికీ పట్టదు.

1986లో సుప్రీంకోర్టు ముందుకు కేరళ నుంచి ఒక కేసు వచ్చింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జనగణమన వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి పంపేశారు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసింది తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది కాదు, వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే చూడాలన్నారాయన. నాకు ఈ వాదన మీద ఎంత మోజంటే, మతం మీద ఏ చర్చ మొదలైనా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను. పిల్లలు చెప్పింది నిజమని ఆ తీర్పు అనలేదు, అనాల్సిన పనీ లేదు. నీ నమ్మకం నాకు అర్థం కాకపోయినా, తప్పనిపించినా, నీ బడి నీకుండాలి అంది. నచ్చినదాన్ని సహించడంలో గొప్పేముంది?

అవతలివాడు ఊరుకోడు కదా అంటారు. ఇంటింటికీ తిరిగి మతం మారమంటుంటే మేమొక్కరమే సహించాలా అని అడుగుతారు. కోపం అర్థమవుతుంది. అయితే రాజ్యాంగం 25వ అధికరణ ప్రచారం చేసుకునే హక్కు అందరికీ ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ గీసింది. బెదిరిస్తే పోలీస్ స్టేషన్ ఉంది. కరపత్రం ఇస్తే మాత్రం వద్దని తలుపేసుకోవచ్చు.

నా అసలు గొడవ వేరే ఉంది. దేవుడి దగ్గర ఇంత సులువుగా సర్దుకుపోయే మనం మనిషి బతుకు దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతాం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినాయనను 'మీరేంటోళ్లు?' అని అడుగుతాం. పేరు విని 'అయ్యో, పొద్దున్నే ఇచ్చేసినం' అంటాం. బోర్డు ఇంకో నెల గేటుకు వేలాడుతూనే ఉంటుంది. ఇక పిల్ల పెళ్లి మాట వస్తే చెప్పనే అక్కర్లేదు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికొస్తున్న దళిత యువకుడిని ఆమె కళ్ల ముందే నరికి చంపారు. అక్కడ అడ్డొచ్చింది కులం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. శిక్ష పడేదాకా ఆగకుండా, ఇట్లాంటి జంటల మీదికి మనుషులను ఉసిగొల్పే ఏర్పాట్లు ఏమున్నాయో ముందే చూడాలి కదా.

అట్లాంటి ఏర్పాటు ఒకటి చట్టంలోనే ఉంది. మతం వేరైన ఇద్దరు మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి. వివాహాధికారి దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. 30 రోజుల్లో ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు. చెప్పగలిగిన అభ్యంతరాలు మాత్రం నాలుగే రకాలు: వయసు, బతికున్న భార్య లేదా భర్త, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం. వీటిని కాగితాలు, అఫిడవిట్లతో తేల్చుకోవచ్చు. గోడ మీద పేర్లు అంటించి, వెంటపడేవాళ్లకు కబురు అందించాల్సిన అవసరం ఏముంది? గుడిలో తాళి కట్టేవాళ్లను ఏ చట్టమూ నెల రోజులు గోడకెక్కించదు. నోటీసు అంటించాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరిలోనే అలహాబాద్ హైకోర్టు చెప్పింది. వివాహం ఉమ్మడి జాబితాలోని విషయం. తెలంగాణ శాసనసభ ఈ నోటీసు నిబంధనకు సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. ప్రభుత్వానికి తీరిక లేకపోతే, మన రెండు ఉమ్మడి జిల్లాల ఎమ్మెల్యేల్లో ఎవరో ఒకరు ప్రైవేటు బిల్లు పెట్టినా సభలో చర్చ మొదలవుతుంది, ఎవరు ఏ వైపు ఉన్నారో రికార్డులకెక్కుతుంది.