వెండి రూపాయిని తోమే ముందు

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పాత ఇళ్ల బీరువాలు వెతికితే ఇప్పటికీ నాలుగైదు వెండి రూపాయలు బయటపడతాయి. కొన్ని పూజగదిలో ఉంటాయి, కొన్ని గుడ్డలో మూటగట్టి పెట్టె అడుగున. వరలక్ష్మీ వ్రతం వస్తోందంటే వాటిని తీసి చింతపండుతోనో, విభూతితోనో, ఈమధ్య టూత్‌పేస్ట్‌తోనో తళతళలాడేదాకా తోముతారు. పూజకు పెట్టేవాటిని శుభ్రం చేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అదే రూపాయిని రేపు సేకరణకర్తకు అమ్మాలనుకుంటే, ఆ తళతళే ధరను పడగొడుతుంది. అతను ముందు చూసేది నాణేన్ని ఎవరైనా తోమారా, దానికి ఏమైనా పూశారా అని. వెండి మీద ఏళ్ల తరబడి తనంతట తాను పట్టిన రంగు, అంటే టోనింగ్, ఆ ప్రశ్నకు జవాబిస్తుంది. టోనింగ్‌కు అందం వల్ల వచ్చే విలువ కంటే సాక్ష్యంగా ఉండే విలువే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ రంగు ఎలా పడుతుందో తెలిస్తే సగం మోసాలు అక్కడే దొరికిపోతాయి. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. నాణేన్ని చుట్టిన కాగితంలోనో, అట్టలోనో గంధకం ఉంటే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. పొర మరీ పలుచన. దాని పైభాగం నుంచి కొంత వెలుగు, అడుగు నుంచి కొంత వెలుగు తిరిగొచ్చి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. వాన వెలిశాక రోడ్డు మీద నీళ్లలో ఆయిల్ తెట్టు రంగులు చూపించేది కూడా ఇలాగే. పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక వరసలో వస్తాయి: ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఎరుపు కలిసిన ఊదా, నీలం, లేత నీలం. ఆ తర్వాత రెండో విడత పసుపు, గులాబీ, ఆకుపచ్చ. ఇంకా మందమైతే అంతా నలుపే.

ఈ వరసను ప్రకృతి తప్పదు. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం కింద విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయిని పెట్టి చూడండి. టోనింగ్ సహజమైనదైతే అంచు దగ్గర నీలం, కాస్త లోపలికి ఊదా, ఇంకా లోపల పసుపు, మధ్యలో దాదాపు తెలుపు, ఇలా ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా జారుతుంది. అక్షరాల మొదళ్లలో రంగు కొంచెం వేరుగా ఉంటుంది. ఇప్పుడు నాణేన్ని దీపం వెలుగులో అటూ ఇటూ వంచండి. వాడకంలో అరగని నాణెమైతే రంగు కింద నుంచి మెరుపు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. ముద్ర కొట్టేటప్పుడు లోహం అచ్చులోకి పారిన సన్నని గీతల వల్ల వచ్చే మెరుపు అది. తోమిన నాణెంలో ఆ గీతలు పోయి, వాటి స్థానంలో ఒకే వైపు సాగిన వెంట్రుకల్లాంటి గీరలు బయటపడతాయి. తోమిన తర్వాత మళ్లీ రంగు పట్టిన నాణేలూ ఉంటాయి. అలాంటివాటిలో రంగు ఎంత బాగున్నా దాని కింద ఆ గీరలు దాగవు.

మార్కెట్‌లో దొరికే దొంగ టోనింగ్ ఎక్కువగా మందు పెట్టి తెచ్చిందే. ఆక్సిడైజ్డ్ వెండి నగలకు నలుపు తెప్పించే పొటాషియం సల్ఫైడ్ రకం రసాయనాన్నే నాణేలకూ పూస్తారు. కొందరు వేడి చేస్తారు. అప్పుడు పసుపు పక్కనే ఆకుపచ్చ, ఎక్కడో ఒక ముద్ద నీలం, మధ్యలో ఉండాల్సిన రంగులు మాయం. అక్షరం, బొమ్మ, ఖాళీ అన్న తేడా లేకుండా రంగు అన్నిటి మీదుగా పారి ఉంటుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు నాణెం స్థితిని బట్టి 1 నుంచి 70 వరకు మార్కులిస్తాయి. రంగు మీద అనుమానం వచ్చినా, నాణెం తోమినట్టు తేలినా మామూలుగా ఆ అంకె ఇవ్వవు, లోపాన్ని మాత్రం రాసి పంపుతాయి. ధర అక్కడే కూలిపోతుంది.

అలాగని నల్లబడిన ప్రతి రూపాయీ నిధి కాదు. ఈ విషయంలో సోషల్ మీడియా వీడియోలు జనాన్ని బాగా తప్పుదారి పట్టిస్తున్నాయి. 1862 అని ఉన్న రూపాయినే తీసుకోండి. తేదీ చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. నిజానికి ఆ తేదీని మార్చకుండా తర్వాత పదేళ్లకు పైగా ముద్రించారు, అందుకే అది చాలా మామూలు నాణెం. రాణి ముఖం అరిగిపోయిన 1862 రూపాయికి టోనింగ్ వల్ల అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. అరగని నాణెం, కింద మెరుపు, పైన శుభ్రమైన రంగు, ఈ మూడూ కలిసినప్పుడే కొనేవాళ్లు పోటీ పడతారు. అమెరికాలో మోర్గాన్ డాలర్లనే పాత వెండి నాణేల కథ ఇదే. గుడ్డ సంచుల్లో దశాబ్దాల పాటు కదలకుండా ఉండిపోయిన వాటిలో కొన్నిటికి ఇంద్రధనుస్సు రంగులు పట్టాయి. అదే తేదీ ఉండి రంగు పట్టని తెల్ల నాణెం కంటే వాటికి ఎన్నో రెట్లు పెడతారు.

మన రూపాయిల్లోనూ లోహాన్ని బట్టి తేడా ఉంది. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో ఒక తులం. అందులో 91.7 శాతం వెండి. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించి, మిగతా సగంలో రాగి, నికెల్, జింక్ కలిపారు. రాగి అంత ఎక్కువైన నాణెం బూడిద రంగుకో, మురికి గోధుమ రంగుకో తిరుగుతుంది తప్ప నీలాలూ ఊదాలూ చూపించడం అరుదు. కాబట్టి 1944 రూపాయి మీద నెమలి పింఛం రంగులు కనిపిస్తే మొదట అనుమానించాలి.

మన ప్రాంతంలో ముద్రించిన పాత నాణేల విషయంలో నాకు ఇంకా గట్టి పట్టింపు ఉంది. ఆదోని ఇంతియాజ్‌గఢ్ పేరుతోనూ, కర్నూలు ఖమర్‌నగర్ పేరుతోనూ మొఘల్ కాలపు టంకశాలలు. చేత్తో కొట్టిన ఆ రూపాయిల మీద పర్షియన్ అక్షరాలే అన్నీ చెబుతాయి. అక్షరాల సందుల్లో నిలిచిన నలుపు వల్లే అవి చదవడానికి వీలవుతాయి. ఆ నలుపును బ్రష్‌తో గీకేస్తే టంకశాల పేరు, ఏలుబడి సంవత్సరం రెండూ తెల్లటి మెరుపులో కలిసిపోతాయి. నాణెం ఏ ఊరిదో చెప్పలేనప్పుడు దానికి మిగిలేది వెండి ధరే.

ఏమీ చెయ్యకూడదా అంటే, ఒకటి చెయ్యొచ్చు. పీవీసీ ప్లాస్టిక్ ఆల్బమ్ కవర్లలో పెట్టిన నాణేల మీద పచ్చటి జిగురు తేలుతుంది. అది టోనింగ్ కాదు, వెండిని తినేసే మురికి. స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకంలో ముంచి తీస్తే అది పోతుంది, సహజమైన రంగు చెక్కుచెదరదు. రుద్దకూడదు, గోళ్ల రంగు తీసే ద్రావకం వాడకూడదు. వెండిని మెరిపించడానికి షాపుల్లో అమ్మే సిల్వర్ డిప్ అనే ద్రావకం మాత్రం సల్ఫైడ్ పొరను కరిగించేస్తుంది. రెండు మూడుసార్లు ముంచితే ఆ మెరుపు గీతలు కూడా పోయి నాణెం సుద్దలా మిగులుతుంది.

ప్రొద్దుటూరు బంగారం, వెండి అంగళ్లలో పాత రూపాయిని తూకానికి కొంటారు. అరిగినవాటికీ, సుగాలీల దండల్లో గుచ్చడానికి కొక్కెం అతికించినవాటికీ ఆ లెక్క న్యాయమే. పూర్తి బరువున్న పాత రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉంటుంది, దానికి తగిన డబ్బు వస్తుంది. కానీ తూకం వేసే ముందు తేదీ చదివే అలవాటు మన వ్యాపారులకు రావాలి. ఐదో జార్జి రాజు బొమ్మలో అంగీ మీది ఏనుగు పందిలా ఉందన్న గొడవతో వెనక్కి తీసుకున్న 1911 రూపాయి గానీ, చాలా అరుదైన 1939 వెండి రూపాయి గానీ కనిపిస్తే, అది ఎంత నల్లగా ఉన్నా తుడవకుండా పక్కన పెట్టి, నాణేలు తెలిసినవాళ్లకు చూపించి, ఆ తర్వాతే తక్కెడ తీయాలి.